ఓమ్నీ వేడెక్కితే సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది. గాలి లీకు అంటున్నారు, ఎక్కడని వెతకాలి?

కడియం_నర్సరీ
2008 మోడల్ మారుతీ ఓమ్నీ, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) ఇంజన్. తర్వాత ఎల్పీజీ కిట్ పెట్టించాం, ఆర్సీలో కూడా ఎక్కించాం. మొక్కలు వేసుకుని రాజమండ్రి, కాకినాడ తిరిగే బండి. పొద్దున్నే ముద్దుగా నడుస్తుంది. ఓ ఇరవై కిలోమీటర్లు పోయి ఇంజన్ బాగా కాలాక, స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేక్ కొట్టి క్లచ్ తొక్కితే చాలు, స్లో (యాక్సిలేటర్ వదిలినప్పుడు ఇంజన్ తిరిగే వేగం) పడిపోయి ఆఫ్ అయిపోతుంది. దేవీచౌక్‌లో నడిరోడ్డు మీద ఆగితే వెనకాల వాళ్లు తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది, కాకపోతే యాక్సిలేటర్ మీద కాలు పెట్టే ఉంచాలి.

ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్ కొత్తవి. థ్రోటల్ బాడీ క్లీన్ చేయించాను. మెకానిక్ స్క్రూ తిప్పి స్లో పెంచాడు. రెండు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. ఇప్పుడు "ఎక్కడో గాలి పీలుస్తోంది, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల ముక్క) విప్పి ప్యాకింగ్‌లన్నీ మార్చాలి" అంటున్నాడు. విప్పే ముందు ఇంట్లో నేనే చూసుకోగలిగేది ఏమైనా ఉందా?

స్పీడ్‌బ్రేకర్_సత్తి
పెట్రోల్ పంప్. కళ్లు మూసుకుని మార్చెయ్.

ఆటోనగర్_బాబాయ్
సత్తీ, నువ్వు ఎవరి బండికైనా పంపే అంటావు. పంప్ వీకైతే లోడ్ మీద, మిట్ట ఎక్కేటప్పుడు లాగదు. ఇతని బండి పరుగులో బాగుంది, స్లోలోనే చస్తోంది.

నర్సరీ, ముందు ఇవి చెప్పు. ఆగేది పెట్రోల్ మీదా, గ్యాస్ మీదా, రెండింటి మీదానా? ఆగే ముందు స్లో పైకీ కిందకీ ఊగుతుందా, తిన్నగా పడిపోతుందా? సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన వస్తుందా? ఇవి తెలియకుండా రెంచీ పట్టుకోవద్దు.

సీటుకింద_పొయ్యి
ఓమ్నీ ఓనర్లందరికీ జోహార్లు. మన సినిమాల్లో కిడ్నాప్ జరిగిందంటే ఇదే బండి. కిడ్నాప్ మధ్యలో స్లో పడిపోయి ఆగిన సీన్ మాత్రం ఒక్క డైరెక్టరూ తీయలేదు.

కార్బ్_కిట్టు
నాది 1997 కార్బొరేటర్ ఓమ్నీ, అచ్చం ఇవే లక్షణాలు. కార్బొరేటర్ కింద నల్లటి బేకలైట్ ముక్క ఉంటుంది, దాని పైనా కిందా ప్యాకింగ్‌లు. ఏళ్ల తరబడి వేడికి ఆ ముక్క వంకర తిరిగింది. నట్లు ఎంత బిగించినా సందు మిగిలేది, బిగించిన కొద్దీ ఇంకా వంగేది. కొత్త ముక్క వేశాక సమస్య పోయింది. మెకానిక్ చెప్పేది కరెక్టే అయ్యుండొచ్చు, ప్యాకింగ్‌లు మార్పించు.

ఆటోనగర్_బాబాయ్
కిట్టూ, నీది కార్బొరేటర్, అతనిది ఎంపీఎఫ్ఐ. గాలి లీకైతే రెండూ ఒకేలా ఏడవవు. అది తర్వాత చెప్తా, ముందు అతన్ని జవాబు చెప్పనీ.

కడియం_నర్సరీ
బాబాయ్ గారూ, ఇవాళ గమనించి రాస్తున్నా. పెట్రోల్ మీద కచ్చితంగా ఆగుతుంది. గ్యాస్ మీద స్లో కొంచెం గరగరమంటుంది కానీ ఆగదు. ఊగడం లేదు, బరువెక్కినట్టు నెమ్మదిగా కిందకి దిగి ఆఫ్. పెట్రోల్ వాసన ఉంది, మా ఆవిడ ముందు సీట్లో కూర్చుంటే కళ్లు మండుతున్నాయంటుంది. ఇంజన్ సీటు కిందే కాబట్టి మామూలే అనుకున్నాను.

డాలస్_సియన్నా
వాసన సంగతేమో గానీ బ్రేక్ కొట్టినప్పుడు ఆగడం చూస్తే గాలి లీకే అనిపిస్తోంది. నాది 2004 టొయోటా సియన్నా వ్యాన్, మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. డ్రైవ్‌లోంచి రివర్స్‌కి మారిస్తే ఆగిపోయేది. స్కానర్ పెడితే పీ0171, పీ0174 కోడ్లు రెండూ వచ్చాయి, అంటే రెండు వరసల సిలిండర్లలోనూ లీన్, గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రోటల్ బాడీకి వెళ్లే రబ్బరు గొట్టానికి మడతలుంటాయి కదా, ఆ మడత లోపల అడుగు వైపు చీలిక. పైనుంచి చూస్తే అస్సలు కనబడదు. గేర్ మార్చినప్పుడు ఇంజన్ కొంచెం అటు ఒరుగుతుంది, చీలిక తెరుచుకుంటుంది. గొట్టం ఊడదీసి చేత్తో సాగదీస్తే బయటపడింది. నర్సరీ గారూ, మీరూ ఆ గొట్టం తీసి చూడండి.

మల్టీమీటర్_మూర్తి
సియన్నా గారి కేసు నిజమే, కానీ ఓమ్నీకి అతకదు. ఇక్కడే చాలామంది తికమకపడతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

సియన్నాలో గాలి కొలిచే సెన్సర్, అదే మాఫ్, ఎయిర్ ఫిల్టర్ పక్కన ఉంటుంది. పెళ్లికి ఎంతమంది వచ్చారో గేటు దగ్గర లెక్కపెట్టినట్టు. పెరటి తలుపులోంచి వచ్చినవాళ్లు ఆ లెక్కలోకి రారు, విస్తళ్లు చాలవు. గొట్టం చిరిగితే జరిగేది అదే. లెక్కకు రాని గాలి పోతుంది, పెట్రోల్ చాలదు, లీన్ అయి ఆగుతుంది.

ఓమ్నీలో మాఫ్ లేదు, మ్యాప్ సెన్సర్ ఉంది. అది గేటు దగ్గర కాకుండా భోజనాల హాల్లోనే నిలబడి జనం ఎంత నిండారో చూస్తుంది. అంటే మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని చూస్తుంది. ఎవరు ఏ దారిలో వచ్చినా లెక్కలోకి వస్తారు. కాబట్టి మానిఫోల్డ్‌లోకి బయటి గాలి పోతే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా పోస్తుంది. ఫలితం స్లో పెరగడం, లేదా పైకీ కిందకీ ఊగడం. పడిపోయి ఆగడం కాదు. ఎయిర్ ఫిల్టర్ గొట్టం చిరిగితే దుమ్ము పోతుంది, అది వేరే నష్టం, కానీ దానివల్ల బండి ఆగదు.

కార్బొరేటర్‌కి ఈ తెలివి అసలు లేదు. లీకైతే లీన్, స్లో పడుతుంది. కిట్టు గారి బండి ఆగింది అందుకే.

నర్సరీ గారు చెప్పిన పెట్రోల్ వాసన, బరువెక్కి దిగడం చూస్తే లీన్ కాదు, రిచ్. పెట్రోల్ ఎక్కువ పోస్తోంది.

కార్బ్_కిట్టు
మూర్తి గారూ, మరి ఒక సిలిండర్ పక్కనే మానిఫోల్డ్ ప్యాకింగ్ పోతే? లెక్క మొత్తానికి చూసుకుంటుంది సరే, గాలి ఎక్కువ పోయేది ఆ ఒక్క సిలిండర్‌కే కదా.

మల్టీమీటర్_మూర్తి
మంచి పాయింట్. అప్పుడు ఆ సిలిండర్ లీన్ అయి మిస్సింగ్ కొడుతుంది. మూడు సిలిండర్ల బండిలో ఒకటి మిస్సయితే సీట్లో కూర్చున్నవాడికి నడుం చెబుతుంది. ప్లగ్గులు ఊడదీసి చూస్తే ఒకటి తెల్లగా, మిగతా రెండూ మామూలుగా ఉంటాయి. నర్సరీ గారూ, మీ ప్లగ్గులు ఏ రంగు?

స్పీడ్‌బ్రేకర్_సత్తి
పెళ్లి, విస్తళ్లు అని మూర్తి గారు ఆకలి పుట్టించారు. పంప్ మాత్రం మార్చండి.

E20_బాధితుడు
ఇదంతా పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం వల్ల. 20 శాతం కలుపుతున్నారు, పాత బండ్ల రబ్బరు పైపులన్నీ తినేస్తోంది. కొత్త పైపులు వేసినా ఏడాదికి మళ్లీ ఇదే కథ.

ఆటోనగర్_బాబాయ్
పాత బండ్లు E20కి తయారైనవి కావు, ఆ మాట ఒప్పుకుంటా. పెట్రోల్ పారే పైపులు, పంప్ లోపలి రబ్బరు దెబ్బతినొచ్చు. కానీ ఇథనాల్ ఎక్కువైతే మిశ్రమం లీన్ వైపు పోతుంది, ఇతనిది రిచ్. పైగా వాక్యూమ్ (ఇంజన్ పీల్చే లాగుడు) పైపులో పారేది గాలి, పెట్రోల్ కాదు. వాటిని తినేది సీటు కింద వేడి. ఓమ్నీలో ఇంజన్ మన కిందే మూసిన పెట్టెలో కూర్చుంటుంది, గాలాడదు. పదేళ్లు దాటిన పైపును గోరుతో నొక్కితే గుంట పడదు, విరిగే శబ్దం వస్తుంది.

E20_బాధితుడు
సరే బాబాయ్, మీరు ప్రభుత్వం మనిషి అని రాసుకుంటాను.

ఆటోనగర్_బాబాయ్
నేను గ్రీజు మనిషిని నాయనా.

కడియం_నర్సరీ
మూడు ప్లగ్గులూ తీశాను. మూడూ ఒకేలా ఉన్నాయి, మసి పట్టి పొడిగా నల్లగా. ఈమధ్యే మార్చినవి.

ఖమ్మం_గ్యాస్‌బండి
పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా? అందులో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) ఎంతో ప్రింట్ అయి ఉంటుంది, చూడు. ఇలాంటి బండికి అర శాతం దాటకూడదు. సీఓ ఎక్కువంటే రిచ్ అని ఇంకో సాక్ష్యం. తక్కువ ఖర్చుతో దొరికే ల్యాబ్ రిపోర్ట్ అది, మనవాళ్లేమో అద్దానికి అంటించి మర్చిపోతారు.

కడియం_నర్సరీ
ఖమ్మం అన్నా, భలే గుర్తు చేశావు. పోయినసారి పెట్రోల్ మీద పెడితే సీఓ రెండు దాటింది, ఫెయిల్. ఆ కుర్రాడే "గ్యాస్‌కి మార్చండి సార్" అని మళ్లీ పెట్టి పాస్ చేసిచ్చాడు. అప్పుడు హాయిగా నవ్వుకుంటూ వచ్చేశాను.

సీటుకింద_పొయ్యి
అతను డయాగ్నసిస్ ఫ్రీగా చేసిచ్చాడు, నువ్వు సర్టిఫికెట్ మాత్రమే తీసుకుని వచ్చావు.

డాలస్_సియన్నా
రిచ్ అని తేలింది సరే. ఇంజెక్టర్ కారొచ్చు, ప్రెషర్ రెగ్యులేటర్ పోయి ఉండొచ్చు, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చల్లగా ఉందని అబద్ధం చెబుతూ ఉండొచ్చు. గాలి లీకు కథ అయితే ఇక్కడితో అయిపోయినట్టేనా?

మల్టీమీటర్_మూర్తి
అవలేదు. మ్యాప్ సెన్సర్ బండిలో ఒక్క చోట మాత్రం గాలి లీకైతే రిచ్ అవుతుంది. మానిఫోల్డ్ నుంచి సెన్సర్‌కి వెళ్లే సన్న పైపు. అది చిట్లితే పైపులోకి బయటి గాలి చొరబడుతుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బాగానే ఉన్నా సెన్సర్‌కి తక్కువగా కనబడుతుంది. వాక్యూమ్ తక్కువంటే ఈసీయూ దృష్టిలో యాక్సిలేటర్ తొక్కినట్టే. ఇంకేముంది, పెట్రోల్ గుమ్మరిస్తుంది. పరుగులో ఎలాగూ వాక్యూమ్ తక్కువ కాబట్టి తేడా పెద్దగా తెలియదు. స్లోకి వచ్చేసరికి ముక్కుదాకా పోసి ముంచేస్తుంది. ఆ లీకులోంచి ఇంజన్‌లోకి పోయే గాలి బహు తక్కువ, అందుకే స్లో పెరగదు కూడా.

గ్యాస్ మీద ఎందుకు ఆగదో కూడా దీంతో అర్థమవుతుంది. మీది పాతరకం మిక్సర్ కిట్ అయితే గ్యాస్ ఎంత పోవాలో మ్యాప్ సెన్సర్‌ని అడగదు. గాలి లాగిన కొద్దీ గ్యాస్ వస్తుంది, అంతే.

ఖమ్మం_గ్యాస్‌బండి
ఆగండాగండి. గ్యాస్ కిట్ పెట్టినవాడు రెడ్యూసర్‌కి (గ్యాస్ ఒత్తిడి తగ్గించే భాగం) వాక్యూమ్ ఎక్కడినుంచి తీశాడు? వాక్యూమ్‌తో తెరుచుకునే రెడ్యూసర్ అయితే దానికి ఒక సన్న పైపు కావాలి. సరైన పద్ధతి మానిఫోల్డ్‌లో వేరే పోర్టు చూసుకోవడం. బద్ధకస్తులు చేతికి అందిన మ్యాప్ పైపునే కోసి, మధ్యలో ప్లాస్టిక్ టీ (మూడు కాళ్ల జాయింట్) పెట్టి లాగేస్తారు. నా బండికి అలాగే చేశారు. నర్సరీ అన్నా, నీ బండిలో ఆ సన్న పైపు వెంట వేలు పెట్టుకుంటూ పో, టీ తగులుతుందేమో చూడు.

కార్బ్_కిట్టు
దీనికంతకీ ఒకటే మార్గం. ఇంజన్ ఆన్ చేసి, పైపులూ జాయింట్లూ అన్నిటి మీదా కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టుకుంటూ పో. లీకున్న చోట కొట్టగానే ఇంజన్ శబ్దం మారుతుంది. నేను పట్టింది అలాగే.

ఆటోనగర్_బాబాయ్
కార్బొరేటర్ బండికి అది మంచి టెస్టే. కానీ వేడి ఇంజన్, పక్కనే ప్లగ్ వైర్లు, మీద సీటు, వెనకాల గ్యాస్ ట్యాంకు. ప్లగ్ వైర్ ఒక్కటి లీకై నిప్పురవ్వ పడిందంటే నర్సరీ కాస్తా బూడిద. చల్లటి ఇంజన్ మీద, తలుపులన్నీ తీసి, చిన్న చిన్న చుక్కలుగా, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని చేస్తే చేయి. లేకపోతే వద్దు. ఇతని బండి వేడెక్కాకే ఆగుతోంది కాబట్టి చల్లటి ఇంజన్ మీద కొడితే ఏమీ తెలియదు కూడా.

సీటుకింద_పొయ్యి
మా వీధిలో ఒకాయన అగరబత్తి వెలిగించి పైపుల పక్కన తిప్పేవాడు. పొగ లోపలికి పీల్చుకుంటే అక్కడ లీకు. దేవుడికీ బండికీ ఒకే బత్తి.

ఆటోనగర్_బాబాయ్
పెట్రోల్ వాసన వస్తున్న బండి దగ్గర బత్తి కాదు కదా, బీడీ కూడా వద్దు. ఎవరూ చేయకండి.

స్పీడ్‌బ్రేకర్_సత్తి
సబ్బు నీళ్లు? సిలిండర్‌కి చూసినట్టు.

ఖమ్మం_గ్యాస్‌బండి
గ్యాస్ పైపులో లోపలినుంచి బయటికి తన్నుతుంది, బుడగ వస్తుంది. ఇక్కడ బయటినుంచి లోపలికి పీలుస్తుంది, బుడగ రాదు, నీళ్లు లోపలికి పోతాయి. సత్తీ, పంప్ మీదే ఉండు.

విశాఖ_డౌట్లు
బ్రేక్ కొట్టినప్పుడే ఆగుతోంది అన్నారు కదా, ఇంజన్ వాక్యూమ్‌తో బ్రేక్ పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌ని ఎవరూ అనుమానించలేదేం? బూస్టర్ డయాఫ్రం పోతే పెడల్ తొక్కిన ప్రతిసారీ మానిఫోల్డ్‌లోకి బోలెడు గాలి పోతుంది. మా బావ కారుకి జరిగింది. తొక్కితే పాదాల దగ్గర బుస్సుమని శబ్దం వచ్చేది.

ఆటోనగర్_బాబాయ్
అడగాల్సిందే, మంచిపని చేశావు. తేలిక పరీక్ష ఉంది. బండి ఆపి న్యూట్రల్‌లో స్లోలో ఉంచి బ్రేక్ నాలుగైదు సార్లు తొక్కి చూడాలి. బూస్టర్ తప్పయితే నిలబడి ఉన్నప్పుడు కూడా స్లో మారుతుంది. ఇంకా అనుమానముంటే బూస్టర్‌కి పోయే లావు పైపును గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కి పట్టి చూడు. దాంతో తేడా వస్తే బూస్టరే. ఆ పైపు నొక్కి పెట్టి రోడ్డెక్కకు, బ్రేక్ గట్టిపడిపోతుంది.

కడియం_నర్సరీ
బూస్టర్ చూశాను. తొక్కినా, పైపు నొక్కినా స్లోలో మార్పు లేదు. బ్రేక్ తొక్కకుండా ఊరికే యాక్సిలేటర్ వదిలి న్యూట్రల్ చేసినా ఆగుతోంది. బ్రేక్‌కీ దీనికీ సంబంధం లేదు.

ఖమ్మం అన్న చెప్పింది నిజం. సన్న పైపు మధ్యలో తెల్లటి ప్లాస్టిక్ టీ ఉంది, దాన్నుంచి ఒక పైపు గ్యాస్ రెడ్యూసర్‌కి పోతోంది. పైకి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి, ఎక్కడా చీలిక కనబడలేదు. మల్టీమీటర్ ఉంది. ఎలా చూడాలి మూర్తి గారూ?

మల్టీమీటర్_మూర్తి
మ్యాప్ సెన్సర్‌కి మూడు వైర్లు. ఒకటి అయిదు వోల్టుల సప్లై, ఒకటి ఎర్త్, మిగిలింది సిగ్నల్. కనెక్టర్ పీకకుండా వెనకవైపు నుంచి సన్న పిన్ను పెట్టి సిగ్నల్ వోల్టేజీ చూడండి. వైరు తొక్క కొయ్యొద్దు. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే నాలుగుకి అటూ ఇటూ రావాలి, అది బయటి గాలి ఒత్తిడి. మీది సముద్ర మట్టానికి దగ్గర కాబట్టి పూర్తిగా వస్తుంది, హైదరాబాద్‌లో కాస్త తక్కువ చూపిస్తుంది. స్లోలో ఒకటి, ఒకటిన్నర మధ్య ఉండాలి. చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడెక్కాక ఒకసారి చూసి చెప్పండి.

కడియం_నర్సరీ
తాళం ఆన్: 3.9. చల్లటి ఇంజన్ స్లోలో: 1.3. ద్వారపూడి దాకా పోయి వచ్చి సీటు ఎత్తి చూస్తే 1.9, నేను చూస్తుండగానే 2.4 దాకా పోయి బండి ఆఫ్. పైపే కదా సార్? మార్చెయ్యనా?

నిజామాబాద్_నిదానం
ఒక్క నిమిషం. ఇంజన్ ఆగబోతున్నప్పుడు వాక్యూమ్ ఎలాగూ పడిపోతుంది, వోల్టేజీ ఎలాగూ పెరుగుతుంది. ఇంకే కారణంతో ఆగినా మీటర్‌లో ఇదే కనబడుతుంది. వోల్టేజీ పెరిగి బండి ఆగిందా, బండి ఆగుతూ ఉంటే వోల్టేజీ పెరిగిందా? అది తేలలేదు.

ఇంకొకటి. ఏళ్లుగా గ్యాస్ మీద నడిచిన ఇంజన్. గ్యాస్‌కి వాల్వ్ సీట్లు అరిగి వాల్వులు పైకి వస్తాయి, ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) తగ్గిపోతుంది. వేడెక్కితే గ్యాప్ ఇంకా బిగిసి వాల్వ్ పూర్తిగా మూసుకోదు. అప్పుడు వాక్యూమ్ నిజంగానే తగ్గుతుంది, సెన్సర్ నిజమే చెబుతున్నట్టు. ఆ గ్యాప్ ఎప్పుడు చూపించారు?

మల్టీమీటర్_మూర్తి
నిదానం గారి అభ్యంతరం న్యాయమైనది. తేల్చడానికి వాక్యూమ్ గేజ్ కావాలి. బూస్టర్ పైపు దగ్గర టీ వేసి గేజ్ పెట్టండి, ఇటు మీటర్ పెట్టండి. యాక్సిలేటర్‌తో రేస్ కొంచెం పెంచి ఆగకుండా పట్టుకుని రెండూ ఒకేసారి చదవండి. గేజ్ బాగుండి మీటర్ తప్పు చెబితే సన్న పైపు. రెండూ కలిసి దిగజారితే నిదానం గారి ట్యాపెట్లు.

గేజ్ ఎలాగూ దొరికేలోపు ఇంకో పని. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో, రెడ్యూసర్ పైపు కొస మూసి, సన్న పైపును మానిఫోల్డ్ దగ్గర ఊడదీసి, ఆ కొసకి పెద్ద సిరంజి పెట్టి లాగండి. వోల్టేజీ దిగి అక్కడే నిలబడాలి. నెమ్మదిగా పైకి పాకితే పైపు పీలుస్తున్నట్టే. పైపు ఇంకా వేడిగా ఉన్నప్పుడే చేయండి.

ఆటోనగర్_బాబాయ్
గేజ్ కొనక్కర్లేదు, ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర కాకుండా పాత ట్యూనింగ్ మెకానిక్‌ల దగ్గర అడుగు. కార్బొరేటర్ రోజుల నుంచి గోడకి వేలాడుతూ ఉంటుంది. స్లోలో ముల్లు 17 నుంచి 21 పాదరసపు అంగుళాల మధ్య కదలకుండా నిలబడితే ఇంజన్ ఆరోగ్యం బాగున్నట్టు. ముల్లు లయగా కొట్టుకుంటే వాల్వ్. అన్నిటికంటే చవకైన డాక్టర్ అది, ఇప్పటి పిల్లలు వాడటం మానేశారు.

స్పీడ్‌బ్రేకర్_సత్తి
సిరంజి, గేజ్, మీటర్. బండికి కాదు, ఐసీయూకి తీసుకెళ్తున్నట్టుంది.

కడియం_నర్సరీ
తేలింది. వివరంగా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

బోసురోడ్డు మెకానిక్ ఒకాయన గేజ్ ఇచ్చాడు. బండి బాగా కాలేదాకా తిప్పి, రేస్ కొంచెం పెంచి మా తమ్ముడిని కాలు కదపొద్దని కూర్చోబెట్టాను. గేజ్ 18 మీద మేకు కొట్టినట్టు నిలబడింది. మీటర్ మాత్రం 2.3. ఇంజన్ లోపల వాక్యూమ్ ఉంది, సెన్సర్‌కి అందడం లేదు.

తర్వాత సిరంజి. లాగితే 1.6 దాకా దిగి, వదలకుండా పట్టుకున్నా రెండు దాటి పాకుతోంది. టీ దగ్గర పైపును వేలితో చుట్టూ గట్టిగా నొక్కి లాగితే కదలకుండా నిలబడింది. వేలు తీస్తే మళ్లీ పాకుడు.

పైపు ఊడదీసి చూస్తే, టీ ముక్క మీదకి ఎక్కిన భాగంలో, సరిగ్గా లోపలి అంచు దగ్గర నిలువుగా చీలిక, బియ్యపుగింజ అంత. చల్లగా ఉంటే రబ్బరు బిగుసుకుని మూసుకుపోతోంది. ఎండలో పెట్టి వంచితే పెదవుల్లా తెరుచుకుంది. అడుగు వైపు ఉండటంతో అద్దం పెట్టి చూసినా దొరికేది కాదు. టీ కూడా పెళుసెక్కి, తీస్తుంటే ఒక కాలు చేతికొచ్చింది.

విశాఖ_డౌట్లు
సూపర్! మానిఫోల్డ్ విప్పి ఉంటే?

ఆటోనగర్_బాబాయ్
విప్పేటప్పుడు ఈ పైపు తీసి మళ్లీ పెట్టేవాళ్లు, కాస్త లోపలికి ఎక్కి కూర్చునేది. ఓ నెల బాగా నడిచేది. ప్యాకింగ్ వల్లే బాగుపడిందని అందరూ అనుకునేవాళ్లు, బిల్లు కట్టేవాళ్లు.

ఖమ్మం_గ్యాస్‌బండి
టీ మళ్లీ వేయకు. మ్యాప్‌కి ఒకే ముక్క పైపు, మధ్యలో జాయింట్ లేకుండా. రెడ్యూసర్ వాక్యూమ్‌కి మానిఫోల్డ్‌లో వేరే పోర్టు చూడమను. గ్యాస్ పని కాబట్టి లైసెన్స్ ఉన్న కిట్ సెంటర్‌లోనే చేయించు, అయ్యాక రెడ్యూసర్ వైపు లీకు టెస్ట్ చేయించు. అక్కడ మాత్రం సబ్బు నీళ్లు పనికొస్తాయి, సత్తి సంతోషిస్తాడు.

కడియం_నర్సరీ
అలాగే చేయించాను. వాక్యూమ్‌కని అమ్మే మందపు పైపు తీసుకున్నాను, మీటరుకి వంద కూడా కాలేదు. ఆక్వేరియం పైపు సరిపోతుందని షాపు కుర్రాడు అన్నాడు, వేడికి కరిగి అతుక్కుపోతుందని నేనే వద్దన్నాను.

ఇప్పుడు కొత్త సమస్య. ఆగడం లేదు కానీ స్లో బాగా ఎక్కువగా ఉంది, సిగ్నల్ దగ్గర రేస్ ఇస్తున్నట్టు అరుస్తోంది.

నిజామాబాద్_నిదానం
మెకానిక్ స్లో స్క్రూ తిప్పాడని మొదట్లో రాశారుగా. అది థ్రోటల్ ఆగే స్క్రూ అయితే వెనక్కి తిప్పించాలి. పైపు బాగయ్యాక థ్రోటల్ కావాల్సిన దానికంటే ఎక్కువ తెరిచి ఉన్నట్టు.

మల్టీమీటర్_మూర్తి
అవును. స్క్రూ పాత గుర్తుకి తెచ్చాక బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపాగి పెట్టండి, ఈసీయూ పాత లెక్కలు మర్చిపోతుంది. ప్లగ్గుల మసి తుడిచి వేయండి, కొత్తవి అక్కర్లేదు. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా వాసన చూడండి. ఇన్నాళ్లు రిచ్‌గా నడిచింది, పెట్రోల్ కిందకి దిగి ఆయిల్ పల్చబడి ఉంటే మార్చాల్సిందే.

కడియం_నర్సరీ
స్క్రూ సరిచేశాం, స్లో మామూలైంది. ఆయిల్ పెట్రోల్ వాసన కొడుతోంది, రేపు మారుస్తాను. పొల్యూషన్ కుర్రాడి దగ్గరికి మళ్లీ వెళ్లాను, పెట్రోల్ మీదే పెట్టమన్నాను. సీఓ 0.3. "సార్, గ్యాస్ మీద ఉందా?" అని అడిగాడు.

కార్బ్_కిట్టు
2019లో ఓమ్నీ తయారీ ఆపేసినప్పటి నుంచి కొన్ని పార్టులకి తిరగాల్సి వస్తోంది. మ్యాప్ సెన్సర్ ఒకటి మంచిది దొరికితే కొని ఇంట్లో పెట్టుకో.

ఆటోనగర్_బాబాయ్
బాగున్న సెన్సర్‌కి స్పేర్ ఎందుకు కిట్టూ. డబ్బులుంటే ట్యాపెట్లు సెట్ చేయించమను, నిదానం అడిగిన దానికి ఇతను ఇంకా జవాబే చెప్పలేదు.

కడియం_నర్సరీ
ట్యాపెట్లు గ్యాస్ కిట్ పెట్టాక ఒక్కసారి కూడా చూపించలేదు బాబాయ్ గారూ. ఆయిల్ మార్చేటప్పుడే చేయిస్తాను.

ఈకో_2011
నా ఈకో కూడా వేడెక్కాక ఆగిపోతోంది, కానీ వాసన లేదు, అరగంట చల్లారితే గానీ స్టార్ట్ అవ్వదు. నాది కూడా పైపేనా?

మల్టీమీటర్_మూర్తి
కాదు, మీది వేరే కథ. చల్లారేదాకా స్టార్ట్ కాకపోవడం క్రాంక్ సెన్సర్ లక్షణం. ఆగిన వెంటనే ప్లగ్‌లో స్పార్క్ వస్తుందో లేదో చూడండి. కొత్త చర్చ మొదలుపెట్టండి, అందరం అక్కడికి వస్తాం.

స్పీడ్‌బ్రేకర్_సత్తి
స్పార్క్ వస్తే మాత్రం పంపే.